నక్షత్రలోకంలో తప్పొప్పుల పట్టిక

పోయినవాళ్ళని బతికించడం బ్రహ్మకి కూడా చేతకాదంటారు. నాకు మాత్రం ఒకసారి చేతనైంది. ధారావాహిక రాస్తున్న రోజుల్లో, నాలుగో వారం కన్నుమూసిన అత్తగారి చేత పదకొండో వారం కోడలికి కాఫీ ఇప్పించాను. నేనూ చూసుకోలేదు, అచ్చువేసినవాళ్ళూ చూసుకోలేదు. తణుకు నుంచి ఒకావిడ చూశారు. ఉత్తరంలో ఒక్క నిష్ఠూరపు మాట లేదు. "ఆ కాఫీ ఇచ్చినది పినత్తగారై ఉంటుందని మేము ఇంటిల్లిపాదీ అనుకున్నాం, నిజమేనాండీ?" అని అడిగారంతే. నిజమేనని వెంటనే జవాబు రాసేశాను. నవల పుస్తకంగా వచ్చినప్పుడు కాఫీ పినత్తగారే ఇచ్చింది.

తప్పు పట్టుకుని, దానికి సర్దుబాటు కూడా తామే వెతికిపెట్టే ఈ రకం మనుషులు మనకే ప్రత్యేకమని చాలాకాలం అనుకున్నాను. అమెరికాలో "స్టార్ ట్రెక్" అనే టెలివిజన్ కథల చుట్టూ ఇదే పని అరవై ఏళ్ళుగా సాగుతోందనీ, దానికి పునాది వేసినవాళ్ళలో చాలామంది ఆడవాళ్ళేననీ తర్వాత తెలిసింది.

స్టార్ ట్రెక్ 1966 సెప్టెంబరు 8న ఎన్.బి.సి. టెలివిజన్‌లో మొదలైంది. ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌక, దానికి కిర్క్ అనే కెప్టెన్, ఆయన పక్కన మొనదేలిన చెవుల స్పాక్. ఈ స్పాక్ వల్కన్ గ్రహం వాడు. కోపతాపాలు పైకి కనిపించనివ్వడు. సరే, మొదటి రెండు వారాలూ నౌకలో వైద్యం చూసింది మెకాయ్ అనే డాక్టరు. మూడో వారం చూస్తే ఆయన స్థానంలో ఎవరో ముసలాయన! నాలుగో వారం మళ్ళీ మెకాయ్ వచ్చేశాడు. సెలవు పెట్టినట్టుగా కూడా ఎవరూ చెప్పలేదు. సంగతేమిటంటే ఆ మూడో వారం కథ 1965లోనే నమూనాగా తీసినది. తీసిన వరసా, చూపించిన వరసా ఒకటి కాదన్నమాట.

ఆ ఒక్క కథలోనే ఇంకో రెండు చిక్కులున్నాయి. కిర్క్ పాత స్నేహితుడొకడికి దైవశక్తులు వచ్చి, తల తిరిగి, కిర్క్‌కి ముందే సమాధిరాయి తయారుచేస్తాడు. దాని మీద "జేమ్స్ ఆర్. కిర్క్" అని ఉంటుంది. తర్వాత కథలన్నిటిలోనూ ఆయన జేమ్స్ టి. కిర్క్. దేవుడంతటివాడికి స్నేహితుడి పొడి అక్షరం గుర్తులేదా? రెండోది నాకు మరీ నచ్చినది. స్పాక్ తన సంగతి చెబుతూ, తమ పూర్వీకుల్లో ఒకరు భూలోకపు స్త్రీని పెళ్ళాడారంటాడు. కొన్నాళ్ళకి తెలుస్తుంది, ఆ స్త్రీ సాక్షాత్తూ అతని తల్లి! కన్నతల్లిని పట్టుకుని మా పూర్వీకుల్లో ఎవరో అన్నట్టయింది. 1967 నవంబరులో ఆ తల్లిని, అమాండాని, నౌక మీదికి తీసుకొచ్చి కూర్చోబెట్టిన రచయిత్రి డొరొతీ ఫాంటానా. ఆడపేరు చూస్తే ఇలాంటి కథలు తీసుకోరేమోనని ఆవిడ డి.సి. ఫాంటానా అని పొడి అక్షరాలతో రాసేది. అభిమానులు కొడుకుని వెనకేసుకొచ్చారు. అమ్మ కూడా పూర్వీకురాలే కదా, అబద్ధమేమీ ఆడలేదు, కాస్త బిడియపడ్డాడు, అంతే అన్నారు.

ఇన్ని తప్పులెందుకు దొర్లాయంటే, ఆ రోజుల్లో టెలివిజన్ కథ ఆ వారంతో సరి. మళ్ళీ చూసేవాళ్ళుంటారని ఎవరూ అనుకోలేదు. కథకొక రచయిత. పోయిన వారం ఎవరేం రాశారో ఈ వారం వాళ్ళకి తెలియాలని లేదు. కానీ 1969లో ఎన్.బి.సి. వాళ్ళు ఆపేశాక ఆ 79 కథల్నీ ఊరూరా స్థానిక స్టేషన్లు కొనుక్కుని రోజూ వేయడం మొదలుపెట్టాయి. రోజూ అవే బియ్యం ఏరుతుంటే రాళ్ళు కనిపించవూ మరి!

ఇళ్ళల్లో వీడియోలు ఇంకా రాని కాలమది. చూస్తూనే రాసుకోవాలి. డొరొతీ జోన్స్ హైట్ అనే అభిమాని కథకొక లెక్కన, మనిషికొక లెక్కన వివరాలన్నీ కార్డుల మీదికి ఎక్కించింది. వాటిని బీజో ట్రింబుల్ అనే ఇంకో ఆవిడ 1969లో సొంతంగా అచ్చువేసింది. స్టార్ ట్రెక్‌ని రెండో ఏడాదితో ఆపేస్తారని పుకారు పుడితే, భర్తతో కలిసి దేశమంతటి చేత ఉత్తరాలు రాయించి మూడో ఏడాది నడిపించినది కూడా ఈవిడే. రాసినవాళ్ళు మరిచిపోయిన సంగతులు చూసినవాళ్ళ కార్డుల్లో భద్రంగా ఉన్నాయి. ఆ పుస్తకాన్ని 1976లో పెద్ద ప్రచురణ సంస్థే వేసింది.

ఈ ఆట అంతకుముందు లేదని కాదు. షెర్లాక్ హోమ్స్ నేస్తం డాక్టర్ వాట్సన్ పేరు జాన్ హెచ్. వాట్సన్. ఒక కథలో భార్య అతన్ని "జేమ్స్" అని పిలుస్తుంది. డిటెక్టివ్ నవలలు రాసే డొరొతీ సేయర్స్ దీనికి గంభీరంగా ఒక వ్యాసమే రాసింది. హెచ్ అంటే హేమిష్ అయి ఉండాలి, హేమిష్ అంటే స్కాట్లండు వాళ్ళ జేమ్సే గదా అని! మొగుడి పేరు పెళ్ళాం తప్పు పిలవదని ఆవిడ నమ్మకం కాబోలు.

అన్నిటికంటే పెద్ద రచ్చ క్లింగన్ల నుదుటి గురించి. వీళ్ళు కిర్క్‌కి పగవాళ్ళు. 1967లో మొదట కనిపించినప్పుడు ముఖానికి ఇంత నల్లరంగు, కాస్త గడ్డం, అంతే వేషం. డబ్బు తక్కువ మరి. 1979లో సినిమాగా తీసేసరికి డబ్బొచ్చింది, నుదుటి మీద ఎముకల గట్లు మొలిచాయి. డబ్బొస్తే నుదుటి రాతే మారుతుంది, నుదురు మారడంలో వింతేముంది? అభిమానులు ఒప్పుకోలేదు. మొదటినుంచీ అలాగే ఉన్నారనుకోండి అని కొందరు, కాదు రెండు జాతులని కొందరు, ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. 1996లో కొత్త కథలవాళ్ళు కాలంలో వెనక్కి ప్రయాణించి కిర్క్ నౌకకి వెళ్తారు. వాళ్ళలో వార్ఫ్ అనే గట్ల నుదుటి క్లింగన్ ఉన్నాడు. అక్కడి నున్నటి క్లింగన్లని చూసి స్నేహితులంతా ఇతని ముఖంకేసి చూస్తారు. అది పరాయివాళ్ళతో చెప్పుకునేది కాదని ముక్తసరిగా తేల్చేస్తాడు. తాతగారి ఆస్తి ఎలా పోయిందని అడిగితే మన పెద్దవాళ్ళు చెప్పే జవాబే! 2005లో మాత్రం రెండు ఎపిసోడ్లు ఖర్చుపెట్టి, ఏదో వైరస్ వల్ల ఒక తరం నుదుళ్ళు నున్నబడ్డాయని వైద్యశాస్త్రం చెప్పారు. నన్నడిగితే వార్ఫ్ జవాబే మేలు.

ఇవన్నీ నవ్వుకునే తప్పులు. నవ్వుకోలేనిది ఒకటుంది. 1969 జూన్ 3న వచ్చిన ఆఖరి కథలో జానిస్ లెస్టర్ అనే ఆవిడ కిర్క్‌తో, నౌకా కెప్టెన్ల లోకంలో ఆడవాళ్ళకి చోటు లేదంటుంది. అది అన్యాయమేనని కిర్క్ కూడా ఒప్పుకుంటాడు. మరి 1964లో తీసిన మొట్టమొదటి నమూనా కథలో, అదే నౌకకి ఉపనాయకురాలు స్త్రీయే! కెప్టెన్ లేనప్పుడు నౌక నడిపింది ఆవిడే. అప్పుడు దాన్ని ప్రసారం చేయలేదు గానీ, 1966లో అందులోని బొమ్మనే వేరే కథలో వాడుకున్నారు కాబట్టి అందరూ చూశారు. రెండో కుర్చీ ఇచ్చినవాళ్ళు మొదటి కుర్చీ ఎందుకివ్వరు?

దీనికి అభిమానులు మాసికలు చాలానే వెతికారు. లెస్టర్‌కి మతి స్థిమితం లేదు, ఆమె మాట లెక్కలోకి రాదన్నారు. కిర్క్ బతుకులో భార్యకి చోటు లేదని ఆమె భావమన్నారు. కొందరు మాత్రం మాసిక వేయడానికి ససేమిరా అన్నారు. ఇది మూడు వందల ఏళ్ళ తర్వాతి నౌక పొరపాటు కాదు, 1969 నాటి మగవాళ్ళ పొరపాటు, అది అలాగే కనబడుతూ ఉండాలన్నారు. నా ఓటు వీళ్ళకే. కాఫీ ఎవరిచ్చారో సర్దుకోవచ్చు గానీ, ఆ మాట అన్నదాన్ని పిచ్చిదాన్ని చేసి కథ అతుకు పెట్టుకోవడం నాకు బాగాలేదు.

ఎవరు ఎటు వాదించినా రాసేవాళ్ళు మెల్లిగా కదిలారు. 1986 సినిమాలో ఒక నౌకకి కెప్టెన్‌గా ఒక నల్లజాతి స్త్రీ కొద్ది నిమిషాలు కనిపించింది. 1995లో కేథరిన్ జేన్‌వే ఏడేళ్ళ కథలకి కెప్టెన్ అయింది. 2004లో, కిర్క్‌కి నూరేళ్ళ ముందు జరిగినట్టు చెప్పే కథల్లోనే ఒక స్త్రీ నౌకనేలింది. దాంతో లెస్టర్ మాట ఇంకా చిక్కులో పడింది, వాదన మళ్ళీ మొదటికొచ్చింది. ఇక 1964 నాటి ఆ ఉపనాయకురాలికి అప్పట్లో పేరు కూడా పెట్టలేదు. అందరూ "నెంబర్ వన్" అనే పిలిచేవాళ్ళు. 2022లో మొదలైన కొత్త కథల్లో ఆవిడ అదే నౌక మీద, అదే రెండో కుర్చీలో మళ్ళీ కూర్చుంది. ఇప్పుడు ఆవిడ పేరు ఊనా.