సముదాయ వీడియోలు – యాంటీబయాటిక్ నిరోధకత

మందులకు లొంగని సూక్ష్మజీవుల సమస్య (యాంటీబయాటిక్ నిరోధకత) వంటి అంశాలపై స్థానికులే కథ ఎంచుకుని, కెమెరా పట్టి, తమవారి మధ్యే ప్రదర్శించి చర్చించే లఘుచిత్రాలు సముదాయ వీడియోలు. ఈ పద్ధతికి మూలం 1967లో కెనడాలోని ఫోగో ద్వీపంలో ఆ దేశపు జాతీయ ఫిల్మ్ బోర్డు మత్స్యకారులతో చేసిన ప్రయోగం. తెలంగాణలో జహీరాబాద్ ప్రాంత దళిత మహిళా రైతులు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో సేద్యం, విత్తనాలపై ఇలాంటి చిత్రాలే తీశారు.

నిరోధకత విషయంలో నేపాల్ ప్రధాన ఉదాహరణ. ఖాట్మండు ప్రాంతంలో లీడ్స్ విశ్వవిద్యాలయం, హెర్డ్ ఇంటర్నేషనల్ సంస్థ కలిసి స్థానికులకు చిత్రీకరణ నేర్పాయి. ఈ పద్ధతిలో చదువు రానివారు సైతం దృశ్యాలను కాగితంపై బొమ్మలుగా గీసి కథాక్రమం అల్లుకుంటారు. డాక్టర్ చీటీ లేకుండా మందుల షాపులో యాంటీబయాటిక్ కొనడం, జలుబుకూ అదే మాత్ర మింగడం, కోళ్లకు, పశువులకు విచ్చలవిడిగా వాడడం వంటివి తెరకెక్కించదగిన ఇతివృత్తాలు.

2019లో ప్రపంచవ్యాప్తంగా నిరోధక బ్యాక్టీరియా నేరుగా సుమారు 12.7 లక్షల మరణాలకు కారణమైందని అంచనా. యాంటీబయాటిక్‌లను ఇష్టానుసారం వాడే అలవాటు మానమని కరపత్రం ఆదేశిస్తుంది, సముదాయ వీడియో మాత్రం ఆ అలవాటు వెనకున్న ఖర్చు, ఆసుపత్రి దూరం వంటి కారణాలను బయటపెడుతుంది. ఈ పద్ధతి అసలు విలువ ఇదే. అయితే చిత్ర నిర్మాణంలో పాల్గొనేవారి సంఖ్య తక్కువ. వైద్యుడు, రోగనిర్ధారణ పరీక్ష అందుబాటులో లేనిచోట దీని ప్రభావం పరిమితం.