చీటీ వేసిన మడులు

1747లో సాలిస్‌బరీ అనే బ్రిటిష్ నౌకలో స్కర్వీతో బాధపడుతున్న 12 మంది నావికుల్ని వైద్యుడు జేమ్స్ లిండ్ ఇద్దరిద్దరి చొప్పున ఆరు జతలు చేశాడు. ఒక జతకు వెనిగర్, ఒక జతకు సముద్రపు నీళ్లు, మరో జతకు నారింజ, నిమ్మపళ్లు. పళ్లు తిన్నవాళ్లలో ఒకడు ఆరు రోజుల్లోనే పనిలోకి దిగే స్థితికి వచ్చాడు. పక్కపక్కన పెట్టి పోల్చడం అప్పటికే తెలుసన్నమాట. కానీ ఎవరికి ఏది ఇవ్వాలో తేల్చింది లిండే. ఆ పెత్తనాన్ని ప్రయోగం చేసేవాడి చేతిలోంచి లాక్కోవడానికి ఇంకో పద్దెనిమిది దశాబ్దాలు పట్టింది. 1880లలో అమెరికాలో చార్లెస్ పియర్స్ బరువుల్ని పోల్చే ప్రయోగంలో పేకముక్కలు కలిపి వరుస నిర్ణయించాడు గానీ, అది అక్కడే ఆగిపోయింది.

అసలు మలుపు పొలంలో వచ్చింది. లండన్‌కు ఉత్తరాన ఉన్న రోథమ్‌స్టెడ్‌లో 1843 నుంచి ఎరువుల ప్రయోగాలు సాగుతున్నాయి. 1919లో అక్కడ చేరిన గణాంకవేత్త రొనాల్డ్ ఫిషర్ అడిగింది చిన్న ప్రశ్నే: ఈ మడి ఎక్కువ పండింది ఎరువు వల్లా, నేల వల్లా? మెరకన తేమ ఆరిపోతుంది, పల్లంలో నీరు నిలుస్తుంది, గట్టు పక్క చెట్టు నీడ పడుతుంది. ఏ రైతుకూ ఇది చెప్పనక్కర్లేదు.

ఫిషర్ ఇచ్చిన జవాబు ఇదీ. నాలుగు ఎరువుల్ని పోల్చాలనుకోండి. వాలుకు అడ్డంగా పొలాన్ని పట్టీలుగా విడదీయాలి. ఒక్కో పట్టీలో నేల ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. ప్రతి పట్టీలో నాలుగు మడులు, ప్రతి ఎరువూ ఒక్కసారి. ఏది ఏ మడికో చీటీ తేలుస్తుంది. వ్యవసాయ కళాశాల పిల్లలు ఆర్‌బీడీ (రాండమైజ్డ్ బ్లాక్ డిజైన్) అని వల్లె వేసేది దీన్నే. పట్టీలు పెరిగేకొద్దీ అంచనాలో ఊగిసలాట తగ్గుతుంది. చీటీ వేశాం కాబట్టి, ఎరువులో ఏ మహిమా లేకపోయినా ఇంత తేడా కాకతాళీయంగా వచ్చే అవకాశమెంతో లెక్క కట్టొచ్చు. గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసిన విలియం గాసెట్ ఈ చీటీ పద్ధతికి చివరిదాకా ఒప్పుకోలేదు. నేల తెలిసినవాడు మడుల్ని పద్ధతిగా అమరిస్తేనే మేలని ఆయన వాదన. అది తేలిగ్గా కొట్టిపారేసే మాటేమీ కాదు. కాకపోతే అమర్చినవాడి మనసు ఎటు మొగ్గిందో లెక్కలో కనపడదు.

1935లో ఈ పద్ధతిపై ఫిషర్ పుస్తకం వచ్చేనాటికి కలకత్తాలో మహలనోబిస్ పెట్టిన గణాంక సంస్థ ఈ విద్యను అందిపుచ్చుకుంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన సి.ఆర్.రావు అక్కడే 1940లలో ఆర్థోగోనల్ అర్రేలకు రూపమిచ్చారు. రెండేసి స్థాయులున్న ఏడు అంశాలకు 128 కలయికలుంటే, ఈ అర్రేలతో ఎనిమిదింటితోనే పని జరుగుతుంది. అంశాలు ఒకదానిపై ఒకటి చూపే ప్రభావం కలగాపులగమవుతుంది, ఆ మూల్యం తప్పదు. జపాన్‌లో ఇంజనీరు టగూచీ ఈ అర్రేలను ఫ్యాక్టరీలకు పట్టుకెళ్లాడు.

వైద్యులు దిగిరావడానికి ఇంకాస్త సమయం పట్టింది. బ్రిటన్‌లో గణాంకవేత్త బ్రాడ్‌ఫర్డ్ హిల్ క్షయ రోగులపై రూపొందించిన స్ట్రెప్టోమైసిన్ పరీక్షలో ఎవరికి మందో అతికించిన కవర్లలో ఉండేది. రోగిని చేర్చుకున్నాకే కవరు విప్పేవారు. 1948 నాటి ఫలితం: ఆరు నెలల్లో మందు వాడిన 55 మందిలో నలుగురు, వాడని 52 మందిలో 14 మంది చనిపోయారు. మద్రాసు పరీక్ష నన్ను ఇంకా ఎక్కువగా ఆకట్టుకుంటుంది. క్షయ రోగుల్లో కొందర్ని శానిటోరియంలో, కొందర్ని ఇరుకు ఇళ్లలోనే ఉంచి, అవే మందులిచ్చారు. ఎవరు ఎక్కడో చీటీయే చెప్పింది. ఇంటి తిండి అంతంతమాత్రమే అయినా రెండు వర్గాలవాళ్లూ దాదాపు సమానంగా కోలుకున్నారని 1959లో తేలింది. అంతటితో శానిటోరియాల పరపతి పడిపోయింది.

తర్వాత వంతు ప్రభుత్వాలది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి, పింఛన్లు స్మార్ట్‌కార్డుతో చెల్లించే పథకాన్ని 157 మండలాల్లో పరీక్షించారు. ఏ మండలానికి కార్డులు ముందు, దేనికి తర్వాత అన్నది లాటరీలో తేల్చారు. కార్డులు ముందుగా అందిన చోట కూలి డబ్బు త్వరగా చేతికొచ్చింది, మధ్యలో మింగేది తగ్గింది.