సెకనులో వందో వంతు

ఒలింపిక్స్ వస్తే మనం పతకాల లెక్కే చూస్తాం. అసలు ఆ గీత దగ్గర నిలబడే అర్హత ఎలా వస్తుందో పెద్దగా పట్టించుకోం. నాకు మాత్రం పతకం కథ కంటే ఆ కథంటేనే ఆసక్తి ఎక్కువ.

మొదట్లో ఇంత తతంగం లేదు. లండన్‌లో అకౌంటెంట్‌గా పనిచేస్తున్న ఎడ్విన్ ఫ్లాక్ అనే ఆస్ట్రేలియా కుర్రాడు, 1896లో సెలవు పెట్టి ఏథెన్స్ వెళ్ళాడు. 800, 1500 మీటర్ల పందేలు రెండూ గెలిచాడు! ఇవాళ మేనేజరు సెలవిచ్చినంత మాత్రాన సరిపోదు. 1908 నుంచి ఎవరైనా సరే తమ దేశపు ఒలింపిక్ కమిటీ ద్వారానే రావాలన్నారు. ఆ తర్వాత కనీస ప్రమాణాలు వచ్చాయి. ఇప్పుడు ఒక్కో అంశంలో దేశానికి ముగ్గురే.

నేనుండే అమెరికాలో ఆ ముగ్గురినీ ఒకే పోటీలో తేలుస్తారు. ట్రయల్స్‌లో మొదటి మూడు స్థానాలు వచ్చినవాళ్ళకే టికెట్టు, అదీ ప్రమాణమో ర్యాంకో చేతిలో ఉంటేనే. పాత ఘనతలు అక్కడ చెల్లవు. 1992లో డెకాథ్లాన్ ప్రపంచ ఛాంపియన్ డాన్ ఓబ్రయన్ ముందంజలో ఉండి కూడా పోల్‌వాల్ట్‌లో మూడు ప్రయత్నాలూ తప్పాడు. ఆ అంశంలో సున్నా. బార్సిలోనాలో పోటీపడే అవకాశం పోయింది. నాలుగేళ్ళాగి అట్లాంటాలో స్వర్ణం గెలిచాడు.

మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి కథ వేరు. ఆమె పోరాటం గడియారంతో. 100 మీటర్ల హర్డిల్స్‌లో అనురాధా బిస్వాల్ 2002లో పెట్టిన జాతీయ రికార్డు 13.38 సెకన్లు. 2020లో జ్యోతి 13.03లో పరిగెత్తింది. డోప్ పరీక్ష జరగలేదని అది లెక్కలోకి రాలేదు. 2022లో కోళికోడ్‌లో 13.09. ఈసారి వెనకనుంచి గాలి సెకనుకి 2.1 మీటర్లు; నిబంధన ప్రకారం 2.0 దాటకూడదు. అదీ పోయింది. కొద్ది వారాలకే సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23తో రికార్డు పుస్తకంలోకి ఎక్కింది.

పారిస్ ఒలింపిక్స్ ప్రమాణం 12.77. 2023 ఆగస్టులో చెంగ్డూలో ఆమె టైము 12.78. 2024 మేలో ఫిన్లాండ్‌లో మళ్ళీ 12.78! రెండుసార్లూ సెకనులో వందో వంతు తేడా. కనురెప్ప వేయడానికి పట్టే సమయంలో అది చిన్న ముక్క.

పాత రోజుల్లో అయితే కథ అక్కడికి ముగిసిపోయేదేమో. ఇప్పుడు రెండో దారి ఉంది, ప్రపంచ ర్యాంకింగ్స్. హర్డిల్స్‌లాంటి పందేల్లో, ఏడాదిలో మంచి అయిదు ఫలితాల సగటు తీస్తారు. టైముకి కొన్ని పాయింట్లు, వచ్చిన స్థానానికి కొన్ని. పోటీ పెద్దదైతే స్థానానికి విలువ ఎక్కువ. పారిస్‌లో ఆ పందేనికి 40 చోట్లు. ప్రమాణం అందుకున్నవాళ్ళు పోగా మిగిలినవాటిని ర్యాంకుల వరుసలో నింపారు. జ్యోతి అలా వెళ్ళింది, ఒలింపిక్స్‌లో ఆ పందెం పరిగెత్తిన తొలి భారతీయురాలిగా.

ఒక్క రోజు దురదృష్టానికి నాలుగేళ్ళ శ్రమ బలి కాకుండా చూస్తుంది కాబట్టి, నా ఓటు ర్యాంకింగ్స్‌కే. కానీ ఆ పాయింట్లు ఇంట్లో కూర్చుంటే రావు. దేశాలు తిరగాలి. టికెట్లు, వీసాలు, కోచ్ ఖర్చు ఎవరో ఒకరు పెట్టుకోవాలి. ఆ ఆసరా లేని పిల్లలకి గడియారం ఒక్కటే దిక్కు.

పారిస్‌లో జ్యోతి హీట్స్‌లో 13.16, రెండో అవకాశంగా ఇచ్చిన రెపెషాజ్‌లో 13.17 చేసి వెనుదిరిగింది. ఓడిందని ఒక్క మాటలో తేల్చేయకండి. ఆ గీత దాకా రావడానికి ఆమెకి నాలుగేళ్ళు పట్టింది.