మోటారు ట్రక్ బెడ్ కవర్: లోపాలు, మరమ్మతులు

మోటారు ట్రక్ బెడ్ కవర్ అంటే పికప్ ట్రక్కు వెనక తొట్టిని కప్పి ఉంచి, బటన్ నొక్కగానే తెరుచుకుని మూసుకునే కప్పు. దీనికే టోనో కవర్ అని పేరు. పికప్‌లు ఇంటి వాహనాలుగా స్థిరపడిన అమెరికా, కెనడాల్లో దీని వాడకం ఎక్కువ. అమెరికాలో 1977 నుంచీ అమ్మకాల్లో మొదటి స్థానం వదలని పికప్ ఫోర్డ్ ఎఫ్-సిరీస్; దానికీ, షెవ్రొలే సిల్వరాడో, ర్యామ్, టయోటా టండ్రాలకూ ఇలాంటి కవర్లు విడిగా దొరుకుతాయి. వాన, మంచు, దొంగల బారి నుంచి సరుకును కాపాడటం కవరు పని. అది కదలనని మొరాయిస్తే అనుమానం ముందుగా మోటారు మీదికే పోతుంది. తీరా చూస్తే మోటారు బాగానే ఉంటుంది. దానికి కరెంటు చాలకపోవడమో, కవరు నడిచే దారికి ఏదో అడ్డుపడటమో అసలు కారణం అయ్యే సందర్భాలు చాలా ఉంటాయి.

నిర్మాణం, పనితీరు

దుకాణం షట్టర్‌ను పడుకోబెట్టినట్టు ఉంటుంది దీని అమరిక. అల్యూమినియం పలకలు ఒకదానికొకటి కీళ్లతో తగిలి ఉంటాయి. కొన్ని రకాల్లో పలకల బదులు పాలీకార్బొనేట్ రేకు వాడతారు. తొట్టి రెండు పక్కల గోడల మీద బిగించిన పట్టాల్లో ఈ పలకలు జారుతూ, డ్రైవర్ క్యాబిన్ వెనక ఉన్న పెట్టెలోకి చుట్టుకుంటాయి. పెట్టెలో 12 వోల్టుల డీసీ మోటారు, గేర్లు, కంట్రోల్ మాడ్యూల్ ఉంటాయి. ట్రక్కు బ్యాటరీ నుంచి ఫ్యూజు గుండా వచ్చే వైరు వీటికి కరెంటు అందిస్తుంది. పలకల సందుల్లోంచి దిగే నీరు పెట్టె మూలల్లోని డ్రెయిన్ పైపుల ద్వారా కిందికి పోతుంది.

మాడ్యూల్ చేసే పని తెలిస్తే సగం లోపాలు వాటంతటవే అర్థమవుతాయి. మోటారు ఎంత కరెంటు లాగుతోందో అది కనిపెడుతూ ఉంటుంది. చెయ్యి గానీ సరుకు గానీ అడ్డొస్తే మోటారు మీద భారం పెరిగి, కరెంటు ఎక్కువ లాగుతుంది. మాడ్యూల్ వెంటనే కవరును ఆపుతుంది, కొన్ని మోడళ్లలో వెనక్కి తిప్పుతుంది. పట్టాలో ఇరుక్కున్న గులకరాయికీ మనిషి వేలికీ దానికి తేడా తెలియదు. అందుకే దుమ్ము పట్టిన కవరు సగంలో ఆగినప్పుడు రక్షణ వ్యవస్థ తన పని తాను చేసినట్టే లెక్క.

లక్షణాలను బట్టి లోపం

బటన్ నొక్కినప్పుడు ఏం వినిపిస్తోంది, కవరు ఎక్కడ ఆగుతోంది అన్న రెండు ప్రశ్నలతో పరీక్ష మొదలవుతుంది. ఏ శబ్దమూ రాకపోతే కరెంటు అందడం లేదని గాని, రిమోట్ సంకేతం చేరడం లేదని గాని అర్థం. మోటారుకు కరెంటు కలిపే రిలే టిక్కుమని మోటారు తిరగకపోతే వోల్టేజీ చాలడం లేదు, లేదా మోటారు పట్టేసింది. మోటారు తిరుగుతున్న శబ్దం వస్తున్నా కవరు కదలకపోతే గేరు గాని, మోటారును పలకలతో కలిపే భాగం గాని విరిగి ఉండాలి.

సగంలో ఆగే కవరు మరింత సమాచారం ఇస్తుంది. ప్రతిసారీ ఒకే చోట ఆగితే ఆ చోట పట్టాలో అడ్డంకి ఉంది. ఒక్కోసారి ఒక్కో చోట ఆగితే వోల్టేజీని అనుమానించాలి. వరసగా నాలుగైదు సార్లు తెరిచి మూశాక ఆగిపోయి, కాసేపటికి మళ్లీ మామూలుగా పనిచేస్తే అది వేడెక్కిన మోటారును కాపాడే ఏర్పాటు.

విద్యుత్ లోపాలు

ఇంజన్ ఆపి ఉన్నప్పుడు నిండుగా చార్జ్ అయిన బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపుతుంది. 12 దగ్గరికి పడిందంటే బ్యాటరీ డౌన్ అయినట్టే. ఇంజన్ స్టార్ట్ చేయగానే కవరు చక్కగా కదిలితే కవరులో లోపమేమీ లేదు. ఆ తర్వాత చూడాల్సింది ఫ్యూజు. మోడల్‌ను బట్టి దాని స్థాయి మారుతుంది కాబట్టి మాన్యువల్‌లో చెప్పినదే వేయాలి. మాటిమాటికీ ఫ్యూజు పోతోందని పెద్దది వేసినా, తీగ చుట్టినా వైరింగ్ కాలిపోయే ప్రమాదం ఉంది.

మల్టీమీటర్‌తో కొలిచేటప్పుడు చాలామంది ఒక దగ్గర తడబడతారు. మోటారు ఆగి ఉండగా కొలిస్తే తుప్పు పట్టిన వైరు కూడా 12.6 వోల్టులే చూపుతుంది. కరెంటు ప్రవహిస్తేనే లోపం బయటపడుతుంది. తుప్పు వల్ల ఒక జాయింట్ దగ్గర 0.2 ఓముల నిరోధం చేరిందనుకుందాం. మోటారు 10 ఆంపియర్లు లాగినప్పుడు అక్కడే 2 వోల్టులు పోతాయి. మోటారుకు మిగిలేది 10.6. కాబట్టి ఒకరు బటన్ నొక్కి పట్టుకుని ఉండగా మరొకరు మోటారు దగ్గర కొలవాలి. శీతాకాలం రోడ్ల మీద ఉప్పు చల్లే మిషిగన్, మిన్నెసోటా వంటి రాష్ట్రాల్లో ఛాసిస్‌కు బిగించిన ఎర్త్ వైరే ముందుగా దెబ్బతింటుంది. దాన్ని విప్పి, లోహం మెరిసేదాకా గీకి, మళ్లీ గట్టిగా బిగిస్తే కవరు తిరిగి ప్రాణం పోసుకున్న సందర్భాలు కోకొల్లలు.

రిమోట్ విషయం తేలిక. క్యాబిన్‌లోని స్విచ్ పనిచేసి రిమోట్ పనిచేయకపోతే లోపం రిమోట్‌లోనే ఉంది. బిళ్ల బ్యాటరీ మార్చి చూడాలి. తొట్టిలో కొత్తగా చవక రకం ఎల్‌ఈడీ లైట్లు బిగించాక రిమోట్ దగ్గరికొస్తే గాని పనిచేయడం లేదంటే, ఆ లైట్లు ఆర్పి మరోసారి ప్రయత్నించాలి. కొన్ని లైట్ల నుంచి వెలువడే రేడియో రొద సంకేతాన్ని మింగేస్తుంది.

పట్టాలు, పలకలు

మట్టి, ఆకులు, ఇసుక పట్టాల్లో చేరడం అన్నిటికన్నా మామూలు లోపం. బ్రష్‌తో దులిపి, నీళ్లతో కడిగి, ఆరాక సిలికాన్ స్ప్రే పలుచగా కొట్టాలి. గ్రీజు పూయకూడదు. అది దుమ్మును పట్టుకుని నెమ్మదిగా పట్టాలను ఆకురాయిలా గరుకు చేస్తుంది.

శుభ్రం చేసినా బిగుతు తగ్గకపోతే పట్టాల మధ్య దూరం కొలవాలి. ముందు, మధ్య, వెనక మూడు చోట్లా ఒకే కొలత రావాలి. గతుకుల రోడ్ల మీద పట్టాలను బిగించే క్లాంపులు వదులై ఒక పట్టా జరుగుతుంది. బరువైన సరుకు గోడలను బయటికి నెట్టినా కొలత మారుతుంది.

ఎండ కూడా లెక్కలోకి వస్తుంది. ఉష్ణోగ్రత 60 డిగ్రీల సెల్సియస్ పెరిగితే ఒకటిన్నర మీటర్ల అల్యూమినియం పలక సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంతే పొడవున్న పాలీకార్బొనేట్ దాదాపు 6 మిల్లీమీటర్లు పెరుగుతుంది. తయారీదారులు అందుకు తగ్గ సందు వదులుతారు. పట్టా జరిగితే ఆ సందు కాస్తా పోతుంది. ఆరిజోనా వేసవిలో ఉదయం సాఫీగా నడిచిన కవరు మధ్యాహ్నం పట్టేస్తోందంటే కొలతలు తప్పాయని గట్టిగా అనుమానించవచ్చు.

నీరు, మంచు

డ్రెయిన్ పైపులు ఆకులతో మూసుకుపోతే నీరు పెట్టెలో నిలిచి మోటారును, మాడ్యూల్‌ను పాడుచేస్తుంది. పెట్టె మూలలో ఒక చెంబెడు నీళ్లు పోసి కిందికి కారుతున్నాయో లేదో చూస్తే చాలు. చలిప్రాంతాల్లో ఆ నీరే గడ్డకట్టి పలకలను అతికించేస్తుంది. అప్పుడు బటన్ నొక్కుతూ పోతే గేర్లు అరుగుతాయి. పేరుకున్న మంచును ముందే తోసేసి, అతుక్కున్న పలకలను వెచ్చని గ్యారేజీలో కరగనివ్వాలి. వేడినీళ్లు పోస్తే అవి మళ్లీ గడ్డకట్టి ఇబ్బంది రెట్టింపవుతుంది.

హద్దుల పునర్నిర్ధారణ

పూర్తిగా తెరుచుకున్న, మూసుకున్న స్థానాలను మాడ్యూల్ గుర్తుంచుకుంటుంది. కవరు సగం తెరిచి ఉండగా బ్యాటరీ తీసేస్తే కొన్ని మోడళ్లలో ఆ జ్ఞాపకం చెరిగిపోయి, కవరు కొద్దికొద్దిగా కదలడమో, చివరిదాకా వెళ్లకపోవడమో జరుగుతుంది. మాన్యువల్‌లో చెప్పిన వరసలో కవరును రెండు చివరలకూ నడిపించి హద్దులు మళ్లీ నేర్పించాలి. ఈ వరస ఒక్కో కంపెనీకి ఒక్కో రకంగా ఉంటుంది.

ఏ మరమ్మతులోనైనా పట్టాల్లో గాని పెట్టెలో గాని చేయి పెట్టే ముందు ఫ్యూజు తీసేయడం తప్పనిసరి. స్ప్రింగు బిగుతుతో పనిచేసే రకాల్లో పెట్టెను ఇంట్లో విప్పకూడదు. ఒక్కసారిగా వదులయ్యే స్ప్రింగు వేళ్లు విరగ్గొట్టగలదు.

ఫ్యాక్టరీలోనే బిగించిన కవర్లు

2021 సెప్టెంబరులో కొనుగోలుదారులకు చేరడం మొదలైన రివియన్ ఆర్1టీ ఎలక్ట్రిక్ పికప్‌లో ఫ్యాక్టరీయే మోటారు కవరు అందించింది. అవి ఇరుక్కుపోతున్నాయన్న ఫిర్యాదులు పెరగడంతో కంపెనీ వాటిని ఆపి, కొంతకాలం చేత్తో వాడే కవరు ఇచ్చి, డిజైన్ మార్చాక మోటారు కవరును తిరిగి తెచ్చింది. 2023 నవంబరు 30న డెలివరీలు మొదలైన టెస్లా సైబర్‌ట్రక్‌లో మోటారు కవరు వాహనంలో భాగంగానే వస్తుంది. ఇలాంటి వాటిలో కవరు వాహనం సాఫ్ట్‌వేర్‌తో ముడిపడి ఉంటుంది కాబట్టి, పట్టాలు శుభ్రం చేశాక కూడా కదలకపోతే సర్వీస్ సెంటర్‌కే వెళ్లాలి.

భారత్‌లో

పికప్‌ను సొంత వాహనంగా వాడేవారు ఇక్కడ తక్కువ. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో 2016లో ప్రారంభమైన ఇసుజు కర్మాగారంలో తయారయ్యే డీ-మ్యాక్స్ వీ-క్రాస్, 2022లో వచ్చిన టయోటా హైలక్స్ ఈ కోవలో ముఖ్యమైనవి. వీటికి రోలర్ కవరు బిగించుకున్నవారికి చాలా ప్రాంతాల్లో మంచు బాధ లేదు. దుమ్మూ వానా మాత్రం ఎక్కువే. వేసవిలో పట్టాలు తరచూ దులపడం, జూన్ వానలకు ముందే డ్రెయిన్ పైపుల్లో నీళ్లు పోసి చూడటం, ఎర్త్ వైరు బిగుతు ఏడాదికోసారి పరీక్షించడం ఇక్కడి వాతావరణానికి సరిపోయే క్రమం.