జత కుదిరిన లౌడుస్పీకరులు

కన్నులు మూసికొని అరుగుమీద కూర్చున్నవానికి కూడ వీథిలోని ఎడ్ల మువ్వల చప్పుడు ఎడమనుండి కుడికి సాగుట తెలియును. చెవులు రెండుండుటవలని లాభమిది. ఎడమనుండి వచ్చు శబ్దము ఎడమ చెవికి ముందుగను, కుడి చెవికి రవంత ఆలస్యముగను చేరును. ఆ ఆలస్యము ఎంత హెచ్చైనను సెకండులో వేయవవంతుకంటె తక్కువయే. అంతేకాక తల అడ్డువచ్చుటచే కీచుధ్వనులు ఆవలి చెవికి బలము తగ్గి చేరును. మంద్రధ్వనుల దిక్కు కాలభేదమువలనను, తారధ్వనుల దిక్కు బలభేదమువలనను తెలియుచున్నదని 1907లో లార్డ్ రాలే వివరించెను. స్టీరియో సంగీతమునకు రెండు లౌడుస్పీకరులును అచ్చముగ ఒకే తీరున ఉండవలెనా అను వివాదమునకు మూలమిక్కడనే యున్నది.

1881లో పారిస్ నగరపు విద్యుత్ప్రదర్శనమున క్లెమాఁ ఆదేర్ అను ఇంజనీరు ఒపేరా నాటకశాల వేదిక అంచున టెలిఫోను ప్రేషకములను వరుసగ అమర్చి, ప్రదర్శనశాలకు తీగలు లాగించెను. శ్రోతలు చెవికొకటి చొప్పున రెండు టెలిఫోనులు ఆనించుకొనగా, గాయకులు వేదికపై ఇటునుండి అటు నడచుట కూడ వినబడెను. జనులకు అది గొప్ప వింత. అయితే అప్పటికింకను లౌడుస్పీకరు లేదు. చుట్టతో కదలు శంఖాకారపు కాగితపు పొరగల నేటి లౌడుస్పీకరును అమెరికాలో రైస్, కెలాగ్ అను ఇరువురు 1925లో ప్రకటించిరి.

ఇంగ్లండులో ఇ.ఎం.ఐ. సంస్థ ఇంజనీరు అలన్ బ్లుమ్‌లైన్ 1931 డిసెంబరులో స్టీరియో పద్ధతికి పేటెంటు కోరెను. సినిమాలో నటుడు తెర ఒక ప్రక్కన నిలిచియుండగా మాట వేరొక చోటినుండి వచ్చుట ఆయనకు వెగటు కలిగించినదని చెప్పుదురు. అమెరికాలో బెల్ ప్రయోగశాలకు చెందిన హార్వే ఫ్లెచర్ బృందము 1933 ఏప్రిల్ 27న ఫిలడెల్ఫియాలోని వాద్యబృందపు సంగీతమును టెలిఫోను తీగలపై వాషింగ్టనుకు పంపి, మూడు లౌడుస్పీకరులద్వారా వినిపించెను. బ్లుమ్‌లైన్ మాత్రము 1942లో రాడారు పరీక్షలు జరుగుచుండగా విమానము కూలి మరణించెను. తన పద్ధతి ఇంటింట ప్రవేశించుట ఆయన చూడలేదు.

1958లో స్టీరియో రికార్డులు అంగళ్ళకు వచ్చుటతో చిక్కు సామాన్య శ్రోతకు ఎదురైనది. అంతవరకు ఇంటికి ఒకే లౌడుస్పీకరు ఉండెడిది. అందులో మేలైనవి బీరువాలంతటివి. అటువంటిది మరియొకటి కొనుటకు డబ్బును కావలెను, గదిలో చోటును కావలెను. 1954లో ఎడ్గర్ విల్చర్ చిన్న పెట్టెలోనే లోతైన మంద్రధ్వనిని సాధించుటచే చోటు చిక్కు కొంత తీరెను. మంద్రధ్వనుల దిక్కును చెవి పోల్చలేదు గనుక రెండవది చిన్నదైనను, చౌకదైనను చాలునను వాదము కూడ బయలుదేరెను. ఇది పూర్తిగ అబద్ధము కాదు. సుమారు 80 హెర్ట్‌జ్‌కు దిగువనున్న ధ్వనులకు ఒకే పెట్టె చాలును. పొరపాటల్లా మిగిలిన ధ్వనులన్నిటిని మరచుటలో నున్నది.

స్టీరియోలో గాయకుడు నడుమ నిలిచినట్లు వినబడుట ఒక భ్రాంతి. అక్కడ ఏ పెట్టెయు లేదు. రెండు ప్రక్కలనుండి సమానబలముతో శబ్దము వచ్చునపుడు మెదడు దానిని నడుమ నిలబెట్టును. మూడు మీటర్ల ఎడముగ రెండు పెట్టెలుంచి, వానికి అంతే దూరమున శ్రోత కూర్చున్నచో, ఒక డెసిబెల్ తేడాకు ఆ గాయకుడు బెత్తెడు పైచిలుకు జరుగునని లెక్క తేలుచున్నది. మూడు డెసిబెల్‌లకు జానెడు దాటును. అన్ని స్వరములును ఒకే తీరున జరిగినచో నష్టము లేదు, మీట త్రిప్పి సరిచేయవచ్చును. 300 హెర్ట్‌జ్‌లో సమానముగ నుండి, 3,000లో భేదమున్నప్పుడే అసలు బాధ. అచ్చులు నడుమను, సకారములు ప్రక్కనుగా పలికి, గాయకుని నోరు సాగదీసినట్లు తోచును. దీనికి ఏ మీటయు పనిచేయదు.

ఒకే కర్మాగారమున, ఒకే నమూనాకు చేసినవాటిలో ఈ భేదమెట్లు వచ్చును? పొర మందము, జిగురు, చుట్ట, అయస్కాంతము, ఇవి ఏవియు రెండుమారులు అచ్చుగుద్దినట్లు రావు. 1970లలో బి.బి.సి. పరిశోధనశాఖ రూపొందించిన ఎల్.ఎస్.3/5ఎ అను చిన్న లౌడుస్పీకరులో, ఈ హెచ్చుతగ్గులను సవరించి తారధ్వని బలమును అమర్చుటకు పరివర్తకమునకు వేర్వేరు కొసలు ఏర్పరచిరి. అయినను కాలక్రమమున మంద్రధ్వని యూనిట్ల గుణమే మారుటచే, 1980ల చివర ఆ మండలమును తిరిగి రచింపవలసి వచ్చెను. ఆ యూనిట్లను తయారుచేసిన కె.ఇ.ఎఫ్. సంస్థ 1970లలోనే కంప్యూటరుతో కొలిచి, ఒకదానికొకటి సరిపడు భాగములను జతపరచసాగెను. నెలల తరబడి చేసిన వస్తువుల గుట్టలో జోడు వెదకుట పూర్వము చేతితో సాధ్యమగు పని కాదు. ఇక కొందరు వర్తకులు జత యనుచు చూపునది ఒకే దుంగనుండి తీసిన పలుచని చెక్క పొరలను. కంటికది ఇంపే గాని, చెవికి దానితో పనిలేదు.

ఎంత దగ్గరి పోలిక చాలును? శ్రవణపరీక్షలకై అంతర్జాతీయ టెలికమ్యూనికేషను సంఘము 1994లో వెలువరించిన సిఫార్సులో, ముందరి లౌడుస్పీకరుల నడుమ భేదము కనీసము 250నుండి 2,000 హెర్ట్‌జ్ వరకు ఒక డెసిబెల్ మించకుండుట మేలని యున్నది. జాగ్రత్తగల తయారీదారులకు నేడిది కష్టసాధ్యము కాదు. కనుక వరుససంఖ్యలు ప్రక్కప్రక్కన ఉన్నవా యని వెదకుటకంటె, నమూనా ఒకటేనా, రెండింటి వయస్సును ఒకటేనా యని చూచుట ముఖ్యము. ఒకదాని పొర చినిగి క్రొత్తది వేయించినపుడు రెండవదానిని కూడ కొలిపించుట మంచిది.

ఒక ప్రక్క గోడయు, రెండవ ప్రక్క తెరచిన ద్వారమును ఉన్న గది ఈ శ్రమనంతటిని వమ్ము చేయగలదు. దోషము గదిదో, పెట్టెదో తెలిసికొనుటకు ఖర్చులేని పరీక్ష కలదు. ఒకే గొంతుకగల మోనో రికార్డును రెండింటను వినిపింపవలెను. ఆ గొంతుక నడుమ సన్నని చోటినుండి రాక ఒక ప్రక్కకు ఒరిగినచో, పెట్టెలను ఒకదాని స్థానమున మరియొకటి ఉంచి మరల వినవలెను. ఒరుగు పెట్టెతోపాటు అటు ప్రక్కకు మారినచో దోషము పెట్టెది. మారక అక్కడనే నిలిచినచో గదిదో, దానికి ముందున్న యంత్రముదో.