స్విచ్చి యంత్రముల వర్తమానములు



దూతకు ఉండదగిన గుణములను మన పూర్వులు రాజనీతియందు వివరించియున్నారు. చూచినది చూచినట్లు చెప్పవలెను, ముఖ్యమైనది ముందు చెప్పవలెను, వినవలసినవానికే చెప్పవలెను. లంకనుండి మరలివచ్చిన హనుమంతుడు సీత పేరుకంటె ముందు చూచితినను మాట పలికెననియు, అందుచే రామునకు క్షణమైనను సంశయబాధ లేకపోయెననియు పౌరాణికులు చెప్పగా మీరు వినియే యుందురు. ఈ దూతధర్మమును మనుష్యులు యంత్రములకు నేర్పిన చరిత్రయే నేటి ప్రసంగమునకు విషయము.

టెలిఫోను మాటలను, కంప్యూటరుల లేఖలను వచ్చిన త్రోవనుండి పోవలసిన త్రోవకు మరలించు యంత్రమునకు స్విచ్చి యని పేరు. దీపము వెలిగించు మీటకును ఆ పేరే కలదు గాని యిది వేఱు. నాలుగు బాటలు కలియుచోట నిలిచి బండ్లకు దారి చూపువానివంటిది యిది. ఇట్టి స్విచ్చులు పెక్కు తీగలతో కలిసి వలవలె ఏర్పడినచో దానిని నెట్‌వర్కు అందురు.

1878 వ సంవత్సరము జనవరి నెలలో అమెరికా దేశమున న్యూహేవెన్ పట్టణమందు వర్తకరీతిని నడచు మొదటి టెలిఫోను ఎక్స్ఛేంజి వెలసినది. ఆ కాలపు ఎక్స్ఛేంజీలలో, మాటాడగోరినవాని తీగకు చెందిన చిన్న రేకుమూత యొకటి పలకపై జాఱి పడెడిది. దానిని చూచి యచటి ఉద్యోగి తీగను తీగతో కలుపుచుండెను. రేకు పడుటయే వర్తమానము. చూచు కన్నులు మనుష్యునివి. 1891 లో స్ట్రోజరు అను నాతడు మనుష్యసహాయము లేకయే తీగలను కలుపు యంత్రమునకు పేటెంటు పొందెను. మరుసటి యేడు ఇండియానా రాష్ట్రములోని లాపోర్టు పట్టణమున అట్టి ఎక్స్ఛేంజి ప్రారంభమాయెను. పని త్వరితముగా సాగుట లాభమే. కాని పలకయెదుట కూర్చున్న మనుష్యుడు లేచిపోయిన పిమ్మట, చెడిన సంగతి చెప్పువారెవరు? యంత్రమే తన రోగమును తాను చెప్పుకొనవలసివచ్చెను. తొలుత గంటలును దీపములును ఆ పని చేసినవి. కంప్యూటరులు స్విచ్చులను నడుపు కాలము వచ్చిన తరువాత వ్రాతమూలకమైన వర్తమానములు పుట్టినవి.

1980 తరువాతి పదేండ్లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖయందు ఎరిక్ ఆల్మన్ అను విద్వాంసుడు, కంప్యూటరుల నడుమ ఉత్తరములను చేరవేయు సెండ్‌మెయిల్ అను తన రచనకై సిస్‌లాగ్ అను పద్ధతిని కల్పించెను. అది ఇతరులకును నచ్చి స్విచ్చులవఱకు వ్యాపించెను. చిరకాలము వాడుకగానే నడచి, 2001 లో ఆ వాడుకను వర్ణించు పత్రమును, 2009 లో దానికి ప్రమాణపత్రమును వెలువడినవి. ప్రయోగము ముందు, వ్యాకరణము వెనుక అను న్యాయము ఇచటను చెల్లినది.

ఈ పద్ధతిలో ప్రతి వర్తమానమునకును ఒక తరగతి కలదు. సున్న యనగా యంత్రము పనికిరాకుండ పోయినది, ఒకటి, తక్షణమే చేయి చేసికొనవలసినది, రెండు, విషమస్థితి, మూడు, దోషము, నాలుగు, హెచ్చరిక, ఐదు, సహజమే గాని గమనింపదగినది, ఆరు, కేవల సమాచారము, ఏడు, పరిశోధకులకు మాత్రము కావలసిన సూక్ష్మవివరము. అంకె చిన్నదైనకొలది ఆపద పెద్దది. నలువదేండ్లు బడిపంతులుగా నుండిన నాకిది వింతగా తోపలేదు. తరగతిలో ఒకటవ వాడే గదా అందఱికంటె ముఖ్యుడు. సిస్కో కంపెనీవారి స్విచ్చి "లింక్-3-అప్‌డౌన్" అని వ్రాసినచో, తీగ యొకటి తెగినదో తిరిగి కలిసినదో యని అర్థము. నడుమనున్న మూడు దాని తరగతి. తీగపై పంపునపుడు ఈ తరగతిని తెలుపు సంఖ్య వర్తమానమునకు మొట్టమొదటనే యుండును. హనుమంతుని నేర్పు ఇదియే కదా!

అయినను దూత నేర్పరియైనంత మాత్రమున రాజ్యము నిలువదు. రెండు ఉదాహరణములు చెప్పెదను.

స్విచ్చులు మనుష్యులకే గాక తమలో తామును వర్తమానములు పంపుకొనును. 1990 జనవరి 15 వ తేది మధ్యాహ్నము ఏటీఅండ్‌టీ కంపెనీవారి న్యూయార్కు స్విచ్చి యొకటి స్వల్పదోషమును కనుగొని, "కొంచెముసేపు నాకు పిలుపులు పంపకుడు" అని తోటి స్విచ్చులకు తెలిపి, నాలుగారు సెకండ్లలో తన్ను తాను చక్కబఱచుకొని మరల పనిలో ప్రవేశించెను. అంతవఱకు సవ్యమే. అది తిరిగి పంపిన మొదటి వర్తమానమును పొరుగు స్విచ్చి తన లెక్కలో వ్రాసికొనుచుండగానే, సెకండులో నూఱవవంతు గడువకమునుపే రెండవది వచ్చి పడెను. అంతకు నెలదినముల క్రిందట, 1989 డిసెంబరులో, అన్ని స్విచ్చులలోను చేర్చిన క్రొత్త వ్రాతలో ఒక్క పదము ఉండరానిచోట నుండెను. దానివలన పొరుగు స్విచ్చి లెక్క చెడి, అదియు విశ్రాంతి కోరెను. దాని పొరుగునకును అదే గతి. ఒకరి ఆవులింత నలుగురికి అంటుకొన్నట్లు 114 స్విచ్చులును పడుచు లేచుచు తొమ్మిది గంటలకాలము దూరపు పిలుపులలో సుమారు సగము చేరకుండ చేసినవి. వర్తమానముల రద్దీని తగ్గించిన పిమ్మట గాని వలకు నెమ్మది కలుగలేదు.

మరుసటి యేడు 1991 సెప్టెంబరు 17 వ తేదిని అదే కంపెనీవారి న్యూయార్కు థామస్ వీధి భవనమున దీనికి విపరీతమైన సంగతి జరిగినది. బయటి విద్యుత్తును వదలి సొంత యంత్రముల విద్యుత్తునకు మాఱుచుండగా దోషము కలిగి, భారమంతయు బ్యాటరీలపై పడెను. అవి యెంతసేపు మోయగలవు? ఆపద తెలుపు సాధనములలో కొన్ని పని చేయలేదు. పని చేసినవానిని చూచువారు లేరు. నియమము ప్రకారము భవనము తిరిగి చూడవలసినవారు చూడలేదు. చూడవలసిన పనివారిలో కొందఱు అపాయసూచకములనుగూర్చియే పాఠము వినబోయియుండిరి! సాయంకాలమునకు బ్యాటరీలు ఉడిగి, యేబది లక్షలకు పైబడిన పిలుపులు నిలిచిపోయినవి. విమానములకు దారి చెప్పు మాటలును ఆ భవనముగుండనే పోవుచుండుటచే న్యూయార్కు ప్రాంతపు మూడు పెద్ద విమానాశ్రయములును స్తంభించెను.

మొదటిచోట వర్తమానములు వెల్లువయై ముంచినవి. రెండవచోట వర్తమానమును వినువారు లేకపోయిరి. కావున ఈ యంత్రములను ఏలువారు కొన్ని నియమములు ఏర్పఱచుకొనిరి. వర్తమానములను స్విచ్చి కడుపులోనే యుంచక వేఱొకచోట భద్రపఱతురు. ఏలయన యంత్రము ఆగినపుడు దాని జ్ఞాపకమును తుడిచిపెట్టుకొనిపోవచ్చును. అన్ని యంత్రముల గడియారములను ఏకము చేయుదురు. లేనిచో కారణమేదో కార్యమేదో తెలియదు. వందలకొలది వర్తమానములు ఒక్కసారి వచ్చినపుడు తుదిదానిని పట్టుకొనక మొట్టమొదటిదానిని వెదకుదురు. పెద్దతీగ యొకటి తెగినచో దాని వెనుకనున్నవన్నియు మొఱపెట్టును గదా. ఏడవ తరగతి వివరములను పనియున్నపుడే తెఱతురు. గంట మ్రోగుచున్నదో లేదో అప్పుడప్పుడు మ్రోగించి చూతురు.

ఈ సంగతులు మనకేల యందురేమో. 2011 లో కేంద్రప్రభుత్వము ఆమోదించి, పిమ్మట భారత్‌నెట్ అను పేరు పెట్టిన ప్రయత్నముచే గాజుతీగలు గ్రామపంచాయతీలవఱకు వచ్చుచున్నవి. పింఛనులును, భూమి లెక్కలును, పిల్లల చదువును ఆ తీగపై ఆధారపడు కాలమిది. పంచాయతీ కచేరిలో పెట్టెపై ఎఱ్ఱదీపము వెలిగినపుడు, అది యేమి చెప్పుచున్నది, ఎప్పటినుండి చెప్పుచున్నది, ఆ మాట యెవరికి చేరుచున్నది అని అడుగు పెద్ద యొకడు ఊరిలో ఉండుట మేలు. ఆ మూడు ప్రశ్నలకు ఇంగ్లీషు అక్కఱలేదు. దూత మాట విని, తరతమములు విచారించి, తగినవాని చెవిని వేయుట పూర్వమునుండియు మన గ్రామపెద్దలకు తెలిసిన విద్యయే.