ధవళేశ్వరం - పరిసర దర్శనీయ స్థలాలు

ధవళేశ్వరం ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రం, తూర్పు గోదావరి జిల్లా, రాజమండ్రి గ్రామీణ మండలంలో గోదావరి నదికి ఎడమ గట్టున ఉన్న ఊరు. రాజమండ్రి (2015 నుండి అధికారికంగా రాజమహేంద్రవరం) నగరానికి దక్షిణంగా సుమారు 6 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరు క్రమంగా నగరానికి శివారు ప్రాంతంగా మారినది. సర్ ఆర్థర్ కాటన్ నిర్మించిన ఆనకట్ట వలన ధవళేశ్వరం పేరు దేశమంతటా ప్రసిద్ధి చెందినది. ఇచ్చట చూడదగినవన్నియు ఏదో ఒక విధంగా గోదావరి నీటితో ముడిపడినవే. వేసవిలో, వరదలలో, పంట కాలంలో ఈ నది మూడు వేర్వేరు రూపాలలో కనబడుతుంది. కావున ఏ నెలలో వెళ్ళినది అన్నదానిని బట్టి సందర్శకుడు చూడగలిగినది కూడా మారుతుంది.

ఉనికి, భౌగోళిక ప్రాధాన్యత

మహారాష్ట్రలోని త్ర్యంబకేశ్వరం వద్ద పుట్టిన గోదావరి సుమారు 1,465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది. ధవళేశ్వరానికి ఎగువన ఒకే ప్రవాహంగా ఉండుటచే దీనిని అఖండ గోదావరి అని పిలుస్తారు. ధవళేశ్వరం దిగువన నది రెండు ముఖ్యమైన పాయలుగా చీలుతుంది. తూర్పు పాయ గౌతమి, పడమటి పాయ వశిష్ఠ. వశిష్ఠ నుండి మరికొంత దూరాన వైనతేయ విడివడుతుంది. గౌతమి, వశిష్ఠ పాయల నడుమ ఉన్న భూభాగమే కోనసీమ. అనగా డెల్టాకు ముఖద్వారం ధవళేశ్వరమే.

చరిత్ర

పందొమ్మిదవ శతాబ్దపు తొలి భాగంలో గోదావరి జిల్లా ప్రజలు అతివృష్టి, అనావృష్టి రెండింటి వలనను నష్టపోయిరి. 1830ల ఆరంభంలో తీవ్రమైన కరువు వచ్చినది. 1839లో పెనుతుఫాను కోరంగి రేవును ధ్వంసం చేసినది. అప్పటి రాజమండ్రి జిల్లా జనాభా 1821లో సుమారు 7.38 లక్షలు కాగా, 1841 నాటికి అది సుమారు 5.61 లక్షలకు తగ్గిపోయినది. ఊరి పక్కనే మహానది ప్రవహిస్తున్నను, నీరు పొలం కంటె పల్లంలో ఉండుటచే పైరుకు అందెడిది కాదు. వరద వచ్చినప్పుడు మాత్రం అదే నీరు పొలాలను ముంచివేసెడిది.

ఈ పరిస్థితిని మార్చుటకు ఇంజనీరు ఆర్థర్ కాటన్ (1803-1899) నదికి అడ్డంగా ఆనకట్ట కట్టి, నీటి మట్టాన్ని పెంచి, కాలువల ద్వారా డెల్టాకు పారించవలెనని ప్రతిపాదించెను. 1847లో మొదలైన నిర్మాణం 1852లో పూర్తి అయినది. ఇందుకు కావలసిన రాతిని ధవళేశ్వరం కొండ నుండియే తీసిరి. రాతిని మోయుటకు 1840లలో ఇచ్చట వేసిన పట్టాల దారి భారతదేశంలోని మొట్టమొదటి రైలు దారులలో ఒకటి. కాటన్ వద్ద పనిచేసిన స్థానికులలో వీణెం వీరన్న పేరును ఈ ప్రాంత ప్రజలు నేటికిని గౌరవంతో స్మరిస్తారు.

ఆనకట్ట పనిచేయుట మొదలైన పిదప గోదావరి జిల్లా కరువు సీమ నుండి ధాన్యాగారంగా మారినది. డెల్టాలోని అనేక గ్రామాలలో కాటన్ విగ్రహాలు కనబడుటకు కారణమిదే. రైతులు ఆయనను కాటన్ దొర అని పిలుచుకొంటారు.

చూడదగిన ప్రదేశాలు

1. సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజీ

పాత ఆనకట్ట స్థానే నిర్మించిన ప్రస్తుత బ్యారేజీ పనులు 1970లలో సాగి 1980లలో ముగిసినవి. దీని మొత్తం పొడవు సుమారు 3.6 కిలోమీటర్లు. చాలామంది దీనిని ఒకే వంతెనగా భావిస్తారు గాని, నిజానికి ఇది నడుమ లంకలతో కూడిన నాలుగు విభాగాల కట్టడం. తూర్పు నుండి పడమరకు వాటి క్రమము ఇది:

- ధవళేశ్వరం విభాగం - 70 గేట్లు
- ర్యాలి విభాగం - 43 గేట్లు
- మద్దూరు విభాగం - 23 గేట్లు
- విజ్జేశ్వరం విభాగం - 39 గేట్లు

మొత్తం గేట్లు 175. మొదటి రెండు విభాగాల నడుమ పిచ్చుకలంక, తరువాతి రెండింటి నడుమ బొబ్బర్లంక, చివరి రెండింటి నడుమ మద్దూరులంక ఉన్నవి. ధవళేశ్వరం, ర్యాలి విభాగాలు దాటిన నీరు గౌతమిలోనికి, మిగిలిన రెండు విభాగాలు దాటిన నీరు వశిష్ఠలోనికి పోతుంది. బ్యారేజీ మీది రోడ్డు వెంట ఈ కొన నుండి ఆ కొనకు ప్రయాణించినచో నది చీలిక కంటికి స్పష్టంగా తెలుస్తుంది. భూగోళ పాఠంలో పటం మీద చూపిన విషయాన్ని విద్యార్థులు ఇచ్చట స్వయంగా చూడవచ్చును.

2. హెడ్ స్లూయిసులు, లాకులు

బ్యారేజీ కంటె సందర్శకులు తక్కువగా గమనించేవి ఇవే. కాని డెల్టాకు ప్రాణాధారం ఇవే. ధవళేశ్వరం వద్ద తూర్పు డెల్టా కాలువ, బొబ్బర్లంక వద్ద మధ్య డెల్టా కాలువ, విజ్జేశ్వరం వద్ద పశ్చిమ డెల్టా కాలువ మొదలవుతాయి. ఈ మూడింటి క్రింద సుమారు 10 లక్షల ఎకరాలు సాగవుతాయి. పూర్వం ఈ కాలువలు పడవ మార్గాలు కూడ. ఎత్తు తేడా ఉన్న చోట పడవను నిలిపి, ముందు వెనుక తలుపులు మూసి, నీటిని నింపియో తగ్గించియో పడవను తరువాతి మట్టానికి చేర్చుటకు లాకులు కట్టిరి. ధాన్యం, కొబ్బరి, ప్రయాణికులు ఈ కాలువల మీదుగా కాకినాడకు వెళ్ళెడివారు. ఏలూరు కాలువ గోదావరి, కృష్ణా కాలువలను కలుపుటచే విజయవాడకును, అచ్చటి నుండి బకింగ్‌హామ్ కాలువ ద్వారా మద్రాసుకును జలమార్గం ఉండెడిది. రోడ్లు, రైళ్ళు పెరిగిన తరువాత ఈ రవాణా అంతరించినది.

3. కాటన్ మ్యూజియం

ఆనకట్ట చరిత్రను తెలిపే ప్రదర్శనశాల ఇది. కాటన్ జీవితానికి, నిర్మాణానికి సంబంధించిన చిత్రాలు, పటాలు, నమూనాలు, ఆనాటి యంత్ర సామగ్రి ఇందులో ఉన్నవి. బ్యారేజీని చూచుటకు ముందే మ్యూజియం చూచుట మేలు. నమూనాలో నాలుగు విభాగాలను, లంకలను ఒకసారి చూచిన వారికి బయట ఉన్న కట్టడం సులభంగా అర్థమవుతుంది.

4. శ్రీ లక్ష్మీ జనార్దన స్వామి ఆలయం

ధవళగిరి అనబడే కొండ మీద ఈ ఆలయం ఉన్నది. గోదావరి తీరంలోని నవ జనార్దన క్షేత్రాలలో ఇది మొదటిదిగా చెప్పబడుతుంది. మడికి, జొన్నాడ, ఆలమూరు, మండపేట, కపిలేశ్వరపురం, మాచర, కోరుమిల్లి, కోటిపల్లి మిగిలిన ఎనిమిది. కొండపై నుండి నది, బ్యారేజీ, దిగువన పచ్చని డెల్టా కనబడతాయి. సమీపంలోని రామపాదాల రేవు స్నానాలకు ప్రసిద్ధి.

5. పిచ్చుకలంక, బొబ్బర్లంక

నది తెచ్చిన ఒండ్రుతో ఏర్పడిన దీవులను ఈ ప్రాంతంలో లంకలు అంటారు. లంక భూములు మిక్కిలి సారవంతమైనవి. అయితే పెద్ద వరద వచ్చినప్పుడు మొదట మునిగేవి కూడ అవియే. బ్యారేజీ మీదుగా పోవు వారు ఈ లంకల వద్ద ఆగి రెండు వైపుల నదిని చూడవచ్చును.

చుట్టుపక్కల ప్రదేశాలు

కడియం నర్సరీలు: ధవళేశ్వరానికి తూర్పున కడియం, కడియపులంక, వేమగిరి, బుర్రిలంక గ్రామాలలో జాతీయ రహదారికి ఇరువైపుల పూల మొక్కలు, పండ్ల మొక్కలు, నీడనిచ్చే చెట్లు పెంచే నర్సరీలు ఉన్నవి. ఇచ్చటి మొక్కలు ఇతర రాష్ట్రాలకు లారీలలో వెళ్ళుతాయి. చలికాలంలో, ముఖ్యంగా సంక్రాంతి రోజులలో, పూలతోటలు చూడముచ్చటగా ఉంటాయి. కడియపులంక పూల సంత ఉదయం వేళ చూడదగినది. గోదావరి కాలువ నీరు, ఒండ్రు నేల ఈ వృత్తికి మూలాధారాలు.

ఆత్రేయపురం: బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా వెళ్ళినచో ఆత్రేయపురం వస్తుంది. ఇది పూతరేకులకు పుట్టినిల్లు. నానబెట్టిన బియ్యాన్ని మెత్తగా రుబ్బి పలుచని పిండిగా చేసి, అందులో ముంచిన గుడ్డను వేడి కుండపై ఒక్కసారి పరచి తీస్తారు. ఇందుకోసం ప్రత్యేకంగా చేయించిన కుండను బోర్లించి, క్రింద మంట పెడతారు. కుండకు అంటిన పిండి క్షణంలో కాగితం వంటి రేకుగా వస్తుంది. దానిపై నెయ్యి, పంచదార పొడి లేదా బెల్లం వేసి చుడతారు. ఈ పనిలో అనేక కుటుంబాల స్త్రీలు జీవనోపాధి పొందుచున్నారు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది.

ర్యాలి: ఆత్రేయపురం మండలంలోని ఈ గ్రామంలో జగన్మోహినీ కేశవ స్వామి ఆలయం ఉన్నది. ఏకశిలా విగ్రహం ముందువైపు విష్ణువుగా, వెనుకవైపు మోహినిగా మలచబడినది. శిల్ప కళాభిమానులు తప్పక చూడదగిన విగ్రహమిది.

వాడపల్లి: ఇచ్చటి వేంకటేశ్వర స్వామి ఆలయానికి శనివారాలలో భక్తులు అధిక సంఖ్యలో వస్తారు. వరుసగా ఏడు శనివారాలు దర్శించుట ఇచ్చటి ఆచారం.

రాజమండ్రి: పుష్కర ఘాట్, కోటిలింగాల ఘాట్, నదిపై వంతెనలు ముఖ్యమైనవి. 1900లో రైళ్ళకు తెరచిన హేవలాక్ వంతెన 1997 వరకు సేవలందించినది. 1974లో రోడ్డు-రైలు వంతెన, 1997లో కమాను వంతెన, 2015లో నాలుగవ వంతెన పూర్తయినవి. కందుకూరి వీరేశలింగం పంతులు (1848-1919) గృహం, చిత్రకారుడు దామెర్ల రామారావు (1897-1925) పేరిట ఉన్న చిత్రశాల, రాళ్ళబండి సుబ్బారావు పురావస్తు ప్రదర్శనశాల, గౌతమీ గ్రంథాలయం చూడదగినవి. 1881 డిసెంబరు 11న వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించినది ఈ నగరంలోనే. సాయంకాలం పుష్కర ఘాట్‌లో గోదావరికి హారతి ఇస్తారు.

పాపికొండలు: రాజమండ్రికి ఎగువన నది కొండల నడుమ ఇరుకుగా ప్రవహించే ప్రాంతం. ధవళేశ్వరానికి సుమారు 42 కిలోమీటర్ల ఎగువన పోలవరం ప్రాజెక్టు నిర్మాణం జరుగుచున్నందున, విహార పడవలు ఆ ప్రాజెక్టుకు ఎగువన ఉన్న గండిపోచమ్మ ఆలయం వద్ద నుండి బయలుదేరుతాయి.

ఋతువులను బట్టి నది

వేసవి: ఏప్రిల్, మే నెలలలో మరమ్మతుల కొరకు కాలువలు కట్టివేస్తారు. నదిలో ఇసుక మేటలు తేలుతాయి. కట్టడాల అడుగు భాగాలు కనబడేది అప్పుడే.

వానాకాలం: సాధారణంగా జూన్‌లో కాలువలకు నీరు వదులుతారు. జులై నుండి సెప్టెంబరు వరకు వరద కాలం. బ్యారేజీ వద్ద నీటి మట్టం 11.75 అడుగులకు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగుల వద్ద రెండవది, 17.75 అడుగుల వద్ద మూడవది జారీ చేస్తారు. 1986 ఆగస్టు వరదలో 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు ఇచ్చట నుండి సముద్రానికి పోయినది. క్యూసెక్కు అనగా సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం వచ్చినది. ధవళేశ్వరం వద్ద చదివే ఈ అడుగుల లెక్కను లంక గ్రామాల వారు గడియారం వలె చూచుకొంటూ, ఎప్పుడు ఇల్లు విడువవలెనో నిర్ణయించుకొంటారు.

ఈ కాలంలోనే సముద్రం నుండి విలస చేప గుడ్లు పెట్టుటకు వరద నీటికి ఎదురీదుతూ గోదావరిలోనికి వస్తుంది. మంచినీటిలోనికి వచ్చిన పిదప దాని రుచి మారి పులస అనిపించుకొంటుంది. పుస్తెలమ్మి అయినా పులస తినవలెనను సామెత ఈ జిల్లాలది.

శీతకాలం: నవంబరు నుండి ఫిబ్రవరి వరకు వాతావరణం చల్లగా ఉండి, కాలువలు నిండుగా పారుతూ, పొలాలు పచ్చగా ఉంటాయి. మొదటిసారి వచ్చు వారికి ఇది అనువైన కాలం.

జాగ్రత్తలు

నది ప్రశాంతంగా కనబడినను లోతు, సుడులు పైకి తెలియవు. బ్యారేజీ గేట్లకు దగ్గరగా నీటిలో దిగరాదు. గేట్లు ఎత్తిన వెంటనే దిగువ నీటి మట్టం పెరుగుతుంది. 2015 జూన్‌లో యాత్రికుల వాహనమొకటి బ్యారేజీ మీద నుండి పడి 20 మందికి పైగా మరణించిరి. అదే ఏడాది జులై 14న పుష్కరాల తొలిరోజున రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి 25 మందికి పైగా ప్రాణాలు కోల్పోయిరి. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు వద్ద వరద నీటిలో పడవ మునిగి సుమారు 50 మంది మరణించిరి. ఈ ఘటనలను దృష్టిలో ఉంచుకొని రాత్రి ప్రయాణం, వరద రోజులలో పడవ ప్రయాణం మానుట, పడవలో ప్రాణరక్షక కవచం ధరించుట, పర్వదినాలలో రద్దీ లేని రేవును ఎంచుకొనుట అవసరం. గోదావరికి తదుపరి పుష్కరాలు 2027లో వస్తాయి.

ఒక రోజు పర్యటన

ఉదయమే జనార్దన స్వామి కొండ ఎక్కి నదిని చూచి, మ్యూజియం, హెడ్ స్లూయిసు, లాకులు చూచుట మంచిది. తరువాత బ్యారేజీ మీదుగా పిచ్చుకలంక, బొబ్బర్లంక దాటి ఆత్రేయపురం, ర్యాలి చూడవచ్చును. సాయంకాలానికి రాజమండ్రి చేరినచో హారతి దర్శనమవుతుంది. కడియం నర్సరీలకు మరొక పూట కేటాయించుట మేలు.

రవాణా సౌకర్యాలు

రాజమండ్రి రైల్వే స్టేషను చెన్నై - హౌరా ప్రధాన మార్గంలో ఉన్నది. మధురపూడిలో విమానాశ్రయం కలదు. రాజమండ్రి నుండి ధవళేశ్వరానికి బస్సులు, ఆటోలు లభిస్తాయి. బ్యారేజీ మీది రోడ్డు కోనసీమకు, పశ్చిమ గట్టున ఉన్న విజ్జేశ్వరానికి దారి.

ఇవి కూడా చూడండి

- గోదావరి
- సర్ ఆర్థర్ కాటన్
- రాజమండ్రి
- కోనసీమ
- గోదావరి పుష్కరాలు